సోమలింగం పోగొట్టిన పన్నెండు మాటలు

సూరత్‌లో మగ్గాల మీద బతికే మన తెలంగాణ వాళ్లలో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు ఫోను వెళ్లేది సోమలింగానికి. ఆయన మా మార్కండేయ గుడి కమిటీలో అధ్యక్షుడు కాదు, కార్యదర్శి కాదు. శనివారం భజనలో తాళాలు వేసే మనిషి, అంతే. కానీ ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఎవరిది ఏ ఊరు, ఇంటి దగ్గర ఎవరున్నారు, ఏ నంబరుకు చేస్తే పలుకుతారు, నెత్తురు ఏ గ్రూపు, రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా, అన్నీ అందులో గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేవి.

ఆయన చదువు గంభీరావుపేట దగ్గరి పల్లెబడిలో ఏడో తరగతితో ఆగిపోయింది. పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాడు. మొదటి పని సూరత్ పక్కనే ఉన్న కిమ్‌లో. అక్కడ పక్క మగ్గం మీది మనిషి ఒకనాడు షిఫ్టు మధ్యలో కుప్పకూలి చనిపోయాడు. ఆయనది ఏ ఊరో ఒక్కరికీ తెలియలేదు. రోజుకు పన్నెండు గంటలు పక్కపక్కన నిలబడ్డవాళ్లే. కానీ మగ్గాల చప్పుడులో మాట వినపడదు, అంతా సైగలే. దాహానికి సైగ ఉంది, దారం తెగితే సైగ ఉంది, బీడీకి సైగ ఉంది. ఊరి పేరుకు సైగ లేదు. ఆయన భార్యకు కబురు పదకొండో రోజున అందింది. ఆ వచ్చే ఆదివారమే సోమలింగం ఒక పొడుగు నోటుబుక్కు కొని, మొదటి పేజీలో స్వామి పేరు రాసి, రెండో పేజీ నుంచి మనుషుల పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

ఇరవై రెండేళ్లు రాశాడు. ఆదివారమైతే సైకిలు మీద భేస్తాన్, అమ్రోలి, ఎక్కడ మనవాళ్ల గదులుంటే అక్కడికి. ఎండాకాలంలో ఎవరో ఒకరు చల్ల ఇచ్చేవారు. షిఫ్టు దిగి నిద్రపోతున్నవాళ్లు లేచేదాకా గడప మీద కూర్చునేవాడు, లేపేవాడు కాదు. నీటి ధారతో నేసే వాటర్ జెట్ మగ్గాల మాస్టరుగా పైకి వచ్చాక కూడా ఆ తిరుగుడు మానలేదు. అట్లా ఆరు వందల నలభై పేర్లు చేరాయి.

రెండేళ్ల కిందటి వానల్లో ఖాడీ అనే వాగు పొంగి నీళ్లు ఆయన ఇంట్లో మోకాలి ఎత్తున నిలిచాయి. పుస్తకం తడిసిపోయింది. పక్కింటి గుజరాతీ బెన్ తన ఇస్త్రీపెట్టె తెచ్చి, రెండు రోజులు కూర్చుని, ఒక్కొక్క కాగితాన్నీ పాత చీర కింద పెట్టి ఆరబెట్టింది. ఆమెకు మన లిపి రాదు. అయినా ఒక్క పేజీ చిరగనివ్వలేదు. సిరా మాత్రం సగం చెదిరిపోయింది.

అప్పుడు అనురాధ ముందుకు వచ్చింది. తండ్రి మగ్గం కార్మికుడు, తను సూరత్‌లోనే పుట్టి పెరిగి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న పిల్ల. చెదిరిన అక్షరాలను సోమలింగం గుర్తు తెచ్చుకుని చెబుతుంటే, సెలవు రోజుల్లో అన్నీ కంప్యూటర్లో ఎక్కించింది. ఆ పని ముగిసేసరికి పాత పుస్తకం బూజు పట్టి పనికిరాకుండా పోయింది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో మనకంటూ ఒక గది అద్దెకు తీసుకున్నట్టని, దాన్ని వర్చువల్ సర్వర్ అంటారని, అక్కడ పెడితే ఏ వరదకూ తడవదని చెప్పింది. హజీరా ఫ్యాక్టరీలో పెద్ద ఇంజినీరు, మా కమిటీ కార్యదర్శి మురళీ గారు మూడేళ్ల అద్దె తనే కట్టేశారు.

మొదట అనురాధ దానికి పాస్‌వర్డ్ పెట్టింది. నెల తిరగకముందే అది గుడి ఆఫీసు క్యాలెండర్ మీద, పాలవాడి నంబరు పక్కన రాసి ఉంది. మన గదుల్లో ఎనిమిది మందికి ఒక తాళంచెవి, అది గుమ్మం పక్క మేకుకే ఉంటుంది. పాస్‌వర్డును కూడా అట్లాగే చూశాం, తప్పు మా అందరిదీ. ఎవరో మోసగాళ్ల చేతికి నంబర్లు పోయాయి. ఊళ్లో ఉన్న తల్లులకు ఫోన్లు చేసి, నీ కొడుక్కు యాక్సిడెంటు అయిందని బెదిరించారు. ఒక ముసలామె ఆ మాటకు వాకిట్లోనే పడిపోయింది.

అనురాధ అంతా తీసేసి ఇంకో చోటికి మార్చింది. ఈసారి పాస్‌వర్డే లేదు. సోమలింగం ఫోనులో పెట్టే ఒక క్రిప్టో వాలెట్‌తోనే ఆ గది తెరుచుకుంటుంది. ఆ మాట వినగానే సోమలింగం చేతులు జోడించాడు. అది జూదమాడేవాళ్ల వస్తువని, తనకొద్దని అన్నాడు. దాంట్లో పైసలేమీ ఉండవని, ఊరి పటేల్ చేతి మొహర్, ముద్ర లాంటిదనుకోమని ఆమె నచ్చజెప్పింది. కంప్యూటర్ తెర మీద గళ్లగళ్ల బొమ్మ వస్తుంది. దాన్ని ఫోనుకు చూపిస్తే, లోపలికి పోయేది నువ్వేనా అని ఫోను అడుగుతుంది. బొటనవేలు ఆనిస్తే మొహర్ పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పేరు అడగరు, ఊరు అడగరు. మొహర్ ఒక్కటే.

ఫోను పోతే ఎట్లా అని ఆయన అడిగాడు. అందుకు పన్నెండు ఇంగ్లీషు మాటలున్నాయి. లెమన్, రివర్, ల్యాడర్, ఇట్లా ఒకదానికొకటి పొత్తు లేని మాటలు. ఏ ఫోనులోనైనా వాటిని వరసగా కొడితే మొహర్ మళ్లీ వస్తుంది. అవి లేకపోతే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు. అనురాధ తను వాటిని ఉంచుకోనంది. ఆరు వందల తల్లుల నంబర్లు తన చేతిలో ఉండొద్దని, రేపు తను ఏ ఊరు పోతుందో తెలియదని. రెండు కాగితాల మీద రాసి, ఒకటి ఆయన దాచుకోవాలి, ఒకటి కవర్లో పెట్టి మురళీ గారికి ఇవ్వాలి. ఇంకెవరికీ చెప్పొద్దు, ఇంట్లోవాళ్లకు కూడా.

ఇక్కడ సోమలింగం చేసిన పని చెప్పాలి. చెప్పమని ఆయనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మురళీ గారు ఆ పాత పుస్తకం చూసి, సోమలింగం తప్పు రాసిన ఒక ఇంగ్లీషు మాటను నవ్వుతూ పెన్నుతో దిద్దారు. మంచి మనసుతోనే దిద్దారు, కానీ నలుగురిలో దిద్దారు. ఆ గీత సోమలింగం మనసులో ఉండిపోయింది. ఇప్పుడు తన బొటనవేలు తప్ప ఇంకెవరి వేలూ తెరవలేని తలుపు ఒకటి దొరికింది. ఇంజినీరు గారికి కూడా తెరుచుకోదు. కవరు ఇయ్యాళ ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూ చివరికి రాయనే లేదు. అనురాధ అడిగినప్పుడు మాత్రం, "ఇచ్చిన బిడ్డా" అన్నాడు.

తన ప్రతి దాచడానికి ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటు వెతికాడు. ఆయన భార్య లింగవ్వ రామకోటి రాస్తుంది. ఇంటి పని అయ్యాక దీపం ముందు కూర్చుని గళ్లలో శ్రీరామ అని నింపుతుంది. ఆ పుస్తకాన్ని ఎవరూ తాకరు, ఎంగిలిచేత్తో దగ్గరికి కూడా పోరు. దాని చివరి అట్ట లోపలివైపు, బడిలో నల్లబల్ల మీది అక్షరాలు దించుకున్నట్టు పన్నెండు మాటలూ దించుకున్నాడు. దేవుడి పేరు కింద ఉన్నాయి, ఇంక భయం లేదనుకున్నాడు.

మాఘంలో ఒకనాడు మగ్గం కిందికి వంగి పంపు చూస్తుంటే జేబులోని ఫోను నీళ్లలో పడింది. బాగుచేసే దుకాణం ఆయన రెండు రోజులు కష్టపడి చూసి, ఇంక లేవదని చెప్పి, పైసా పుచ్చుకోలేదు. కొత్త ఫోను కొనుక్కుని ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, దేవుడి గూట్లో చెయ్యి పెట్టాడు. రామకోటి పుస్తకం లేదు.

నిండిపోయిందని, భద్రాచలం పోయే యాత్ర బస్సు వాళ్లకు ఇచ్చి పంపానని లింగవ్వ సంతోషంగా చెప్పింది. అట్ట మీద ఆయన రాసిన రాతను ఆమె చూసింది. ఇంగ్లీషులో ఏదో మొక్కు రాసుకున్నాడనుకుంది. ఎన్నడూ మొక్కని మనిషి మొక్కుకున్నాడు గదా అని, ఆ పుస్తకానికి మరింత భక్తిగా పసుపు కుంకుమ పెట్టి పంపింది.

ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. యాత్ర నుంచి వచ్చినవాళ్లను అటూ ఇటూ తిప్పి అడిగాడు. వేల పుస్తకాల మధ్య స్వామికి సమర్పించి వచ్చామన్నారు. సమర్పించినదాన్ని వెనక్కి అడగడానికి నోరెలా వస్తుంది? అనురాధకు చెప్పాలి. చెబితే, మురళీ గారి దగ్గర ఉంది గదా అంటుంది.

అట్లా రెండు నెలలు గడిచాయి. మధ్యలో ఎవరైనా నంబరు అడిగితే జ్ఞాపకం నుంచి చెప్పేవాడు. చాలా నంబర్లు ఆయన నోటికే వచ్చు. రానివాటికి, సాయంత్రం చూసి చెబుతానని జారుకునేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. భజనలో తాళాలు మాత్రం తప్పుతున్నాయి.

చైత్రం దాటాక, ఒక గురువారం పొద్దున భేస్తాన్‌లో ముత్యం అనే మనిషి మగ్గం ముందు పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. నలభై ఏళ్లుంటాయి, పెళ్లి కాలేదు. పడ్డ హడావిడిలో ఫోను ఎటు పోయిందో తెలియలేదు. ఆధార్ కార్డు మీద రేషన్ కోసం మార్పించుకున్న భేస్తాన్ చిరునామానే ఉంది. గదిలో ఉండేది ఒడిశా వాళ్లు. తెలంగాణ మనిషని తప్ప వాళ్లకు ఇంకేమీ తెలియదు. కాంట్రాక్టరు మనిషి సోమలింగానికి ఫోను చేసి ఊరి నంబరు అడిగాడు.

సర్వర్ పనిచేయడం లేదని, బాగుకాగానే చెబుతానని సోమలింగం అన్నాడు.

సాయంత్రం తనే ఆసుపత్రికి వెళ్లాడు. మంచం పక్కన దండపాణి అనే ఒడిశా గంజాం మనిషి, ముత్యం గదివాడు, షిఫ్టు మానుకుని కూర్చుని ఉన్నాడు. చెంచాతో గంజి తాగిస్తూ, మూతి పక్కన కారినదాన్ని తన తువ్వాలతో తుడుస్తున్నాడు. సోమలింగాన్ని చూడగానే ముత్యం కళ్లు వెలిగాయి. పుస్తకం మనిషి వచ్చాడు, ఇంక ఇంటికి కబురు పోతుందనుకున్నాడు. ఎడమ చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకున్నాడు.

"రంది పెట్టుకోకు తమ్మీ. ఇంటికి నేను ఫోన్ జేస్త," అన్నాడు సోమలింగం.

శుక్రవారం మళ్లీ పోయేసరికి ముత్యం కళ్లు తలుపు మీదే ఉన్నాయి. వెంట ఎవరైనా వచ్చారేమోనని ముత్యం ఆయన భుజం వెనకకు చూశాడు.

"జేసిన తమ్మీ. ఎత్తుతలేరు."

ఆ మాట అన్నాక, తను ఎట్లా మెట్లు దిగాడో ఆయనకు తెలియదు. మాట పోయిన మనిషితో, అబద్ధమని తిరిగి అనలేని మనిషితో అబద్ధమాడాడు. పైగా, ముత్యానికి ఊళ్లో ముసలి తల్లి ఉందన్నంతవరకు ఆయనకు గుర్తుంది. కొడుకు కోసం ఫోను ఎత్తడం లేదనే నింద ఆమె మీద వేశాడు. ఎక్కడికో తెలియకుండానే అనురాధ వాళ్లుండే అమ్రోలి బస్సు ఎక్కాడు. ఆయన ముఖం చూసి ఒక మరాఠీ ఆమె తన బిడ్డను ఒళ్లోకి లాక్కుని చోటిచ్చింది. ఆ చోట్లో కూర్చోవడానికి కూడా సిగ్గేసింది, నిలబడే పోయాడు.

అనురాధ తలుపు తీసి, నీళ్లిచ్చి, అంతా విన్నది. ఫోను, రామకోటి, ముత్యం.

"ఏం పర్వాలేదు మామా. మురళీ అంకుల్ దగ్గర కవర్ ఉంది కదా. ఇప్పుడే అడుగుదాం," అని ఫోను తీసింది.

"ఇయ్యలే బిడ్డా."

ఆమె ఫోను పట్టుకునే ఉంది.

"ఇచ్చిన అని నీకు జూటా చెప్పిన. అసలు రాయనే లే."

ఆ పిల్ల ఫోను కింద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన నాతో అన్నాడు. చివరికి మెల్లగా, ఇంక అది ఎవరికీ తెరుచుకోదని చెప్పింది. నకలు కూడా ఆ గదిలోనే పెట్టిందట, ఆ తప్పు తనదేనంది. ఇరవై రెండేళ్ల రాత, ఆరు వందల నలభై పేర్లు ఎక్కడో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కటీ కనబడదు.

తరువాత ఆమె అడిగింది. "మరి ముత్యం మామది ఏ ఊరని గుడిల మైక్‌ల అడగలేదా?"

అడగలేదు. అడిగితే పుస్తకం ఏమైందని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి రెండు రోజులు అడగలేదు.

శనివారం పొద్దున భజనకు గుడి నిండా జనం ఉన్నారు. నేనూ ఉన్నాను. సోమలింగం తాళాలు పక్కన పెట్టి మైకు అందుకున్నాడు. పాట ఎత్తుకుంటాడనుకున్నాం.

"సర్వర్ తాళం నేను పోగొట్టిన. రెండు నెలలాయె. మీకెవలకు చెప్పలే. భేస్తాన్ల పనిజేసే ముత్యం దవఖానల పడ్డడు, నోరు పోయింది. ఆయినె ఊరు ఎవలకన్న ఎరుకుంటే జర చెప్పుండ్రి."

గుడి ముందు పూలు కట్టే సమ్మక్క తల కూడా ఎత్తలేదు. దారం పళ్లతో కొరుకుతూ, "కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉంటది, గా ముత్యమేనా? మా చెల్లెనిచ్చిన ఊరే గదా, కోరుట్ల అవుతల," అంది. ఫోను తీసి చెల్లెలికి కలిపింది. చెల్లెలు ఫోను పట్టుకుని మూడిళ్ల అవతలికి నడిచింది. హారతి వెలిగేలోపు ముత్యం తల్లి బుచ్చవ్వ గొంతు మా గుడిలో వినపడింది.

ఇంతే పని. పూలు కట్టే చోటికి పది అడుగులు. అందరం ముత్యం సంగతే మాట్లాడుకుంటున్నాం, సోమలింగం మాత్రం స్తంభానికి ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. యాత్రకు పోయొచ్చినవాళ్లలో ఎవరో సన్నగా నవ్వారు. "మన పెద్దమనిషి తాళంచెవి రాములవారికే ఇచ్చిండట," అన్నారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని రాయకపోతే న్యాయం కాదు.

ఆదివారం మురళీ గారు వచ్చినప్పుడు సోమలింగం కవరు సంగతి ఆయనకు తనే చెప్పాడు, పెన్నుతో దిద్దిన సంగతి కూడా. మురళీ గారికి ఆ దిద్దడం గుర్తే లేదు.

"కవరు నాకిస్తారని అమ్మాయి చెప్పిందండీ," అన్నారాయన. "మీరు ఇవ్వలేదు. అడిగితే మిమ్మల్ని నమ్మనట్టు ఉంటుందేమోనని ఊరుకున్నాను. అడగాల్సింది."

తను పగబట్టిన మనిషి తనను నొప్పించకూడదని ఊరుకున్నాడు. 

బుచ్చవ్వ సోమవారం పొద్దున బస్సు దిగింది. తీసుకురావడానికి సోమలింగం ఒక్కడే పోతానన్నాడు. చిన్న మూట, చేతిలో బత్తాయిల సంచి. ఆయన పేరు వినగానే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా కొడుకా, మా పిలగాని జాడ తీసింది? నీ కడుపు సల్లగుండ."

ఆటో ఎక్కించాక చెప్పొచ్చు, ఆసుపత్రిలో చెప్పొచ్చు, అసలు చెప్పకపోయినా అడిగేవారు లేరు. ఆయన ఆ బస్సుల మధ్యనే చెప్పాడు. గురువారమే ఆమెకు తెలియాల్సిందని, తన పరువు కోసం రెండు రోజులు దాచానని, నువ్వు ఫోను ఎత్తడం లేదని కొడుక్కు చెప్పానని.

ఆమె చేతులు వదిలేసింది. 

"ఆ రెండు దినాలు నా కొడుకు దగ్గర ఎవలు కూసున్నరు?"

"ఒక ఒడియాయన, అవ్వా. గది దోస్తు."

"ఆయిన పేరేంది?"

"దండపాణి."

ఆమె ఆ పేరును రెండు మూడుసార్లు లోలోపల అనుకుంది. ఆయన మూట తీసుకోబోతే ఇవ్వలేదు, తనే నెత్తికి ఎత్తుకుంది. ఆటో ఎక్కనంది. ఆసుపత్రిదాకా నడిచే పోయారు, ఆయన ముందు, ఆమె వెనక. వార్డులో కొడుకు తల మీద చెయ్యి పెట్టి, "నేనెందుకు ఎత్తను బిడ్డా, నీ ఫోను నేనెందుకు ఎత్తను," అంది. సోమలింగం ఆ మాట తలుపు అవతలి నుంచి విన్నాడు. లోపలికి పోలేదు. ముందే తెలిసినా జబ్బులో తేడా ఉండేది కాదని డాక్టరమ్మ తరువాత చెప్పింది. ఆ మాటతో ఆయనకు ఊరట కలగలేదు.

ముత్యాన్ని నెల తరువాత ఊరికి తీసుకుపోయారు. ఎడమ చేత్తో అన్నం తింటున్నాడట, కొన్ని మాటలు వస్తున్నాయట.

అనురాధ కొత్త వాలెట్ చేసింది. పన్నెండు మాటలున్న కవర్లు రెండు, ఒకటి మురళీ గారి దగ్గర, ఒకటి సమ్మక్క దగ్గర. సోమలింగం తనకు వద్దన్నాడు. రాసే పని మాత్రం చేస్తానన్నాడు. ఇప్పుడు మళ్లీ ఆదివారాలు తిరుగుతున్నాడు. ఆరు వందల నలభై పేర్లు. ప్రతి గడప దగ్గర నోటుబుక్కు తెరవకముందే ఒక మాట చెబుతాడు: మీరు నమ్మి ఇచ్చిన నంబరు నేను పోగొట్టిన, మల్ల రాయుండ్రి. కొందరు చాయ్ పోస్తారు. కొందరు, ఈసారి ఏ గుడికి పంపుతవని అడుగుతారు. ఒకాయన, రాయించుకున్నది చాలని తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ముందు కాసేపు నిలబడి పక్క తలుపుకు పోయాడు.

మొన్నటి ఆదివారం నేనూ వెంట వెళ్లాను. భేస్తాన్‌లో ముత్యం ఉండిన గది వచ్చింది. ఇప్పుడక్కడ మనవాళ్లెవరూ లేరు కాబట్టి దాటిపోతున్నాం. దండపాణి గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాడు. సోమలింగం తల వంచుకుని నడుస్తుంటే, ఆయనే పిలిచాడు.

"భాయ్, మేరా భీ లిఖో." తనది కూడా రాయమని.

సోమలింగం ఆగి, తనకు వచ్చిన హిందీలో, ముందు రాసినవన్నీ తను పోగొట్టానని మొదలుపెట్టాడు. దండపాణి నోట్లో నీళ్లు ఉమ్మి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"మాలూమ్ హై. లిఖో." తెలుసు, రాయమంటున్నాడు.

సోమలింగం గడప మీద కూర్చున్నాడు. దండపాణి చెప్పిన ఊరి పేరుకు ఆయన నోరు తిరగలేదు. మూడుసార్లు అడిగి, తెలుగు అక్షరాల్లో రాసుకుని, గట్టిగా చదివి వినిపించి, కాదంటే దిద్దుకుని, మళ్లీ చదివాడు.